కత్తికి ముందు చూపు: మెడలోని శ్వాసమార్గమును బొమ్మ తీసి చూచుట

ఖమ్మము నుండి వైరా మీదుగా సత్తుపల్లికి పోయే దారిలో తల్లాడ ఉన్నది. అక్కడ చీలిన మరొక దారి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెమునకు, ఆపైన భద్రాచలము అడవులకు పోతుంది. ఈ ప్రాంతమున మిరప, ప్రత్తి ముఖ్యమైన పంటలు. ఈ రెండు పంటలకు పురుగుల బెడద ఎక్కువ. కనుక పురుగుమందు డబ్బా లేని రైతు ఇల్లు అరుదు. పొరపాటున గాని, మనసు విరిగి గాని ఆ మందు త్రాగినవారిని బంధువులు ఆసుపత్రికి మోసుకొని వస్తారు. రోడ్డు ప్రమాదములో తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవారు కూడ ఈ దారుల మీదుగానే ఖమ్మమునకు చేరుతారు.

ఈ రెండు రకముల రోగులను చంపేది తరచుగా ఒక్కటే కారణము. శ్వాస ఆగిపోవుట.

ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందులు మన నరములకు, కండరములకు నడుమ పనిచేసే ఒక ఎంజైమును స్తంభింపజేస్తాయి. దానివలన ఊపిరితిత్తులలో ద్రవము నిండుతుంది; కండరములు మొదట అదిరి, పిదప పట్టు తప్పుతాయి. రోగి తేరుకున్నాడని అందరూ ఊరట చెందిన తరువాత, ఒకటి నుండి నాలుగు దినముల లోపల మెడ కండరములు, శ్వాస కండరములు హఠాత్తుగా సన్నగిల్లవచ్చును. ఈ రెండవ గండమును 1987లో శ్రీలంక వైద్యులు స్పష్టముగా వర్ణించినారు. అప్పుడు రోగి తరఫున యంత్రము శ్వాస తీయవలెను. మొదట నోటి గుండా ఒక గొట్టమును వాయునాళములోనికి దింపుతారు. ఆ అవసరము వారము, పది దినములు దాటి సాగేటట్లు కనబడితే, మెడ ముందుభాగమున చిన్న రంధ్రము చేసి, దాని గుండా పొట్టి గొట్టమును అమర్చుటను గూర్చి ఆలోచిస్తారు. దీనినే ట్రేకియాస్టమీ అంటారు.

రంధ్రము చిన్నదే. కాని దానిని ఎక్కడ చేయవలెను? వాయునాళము మీద ఏమున్నది? ఎంత లోతున ఉన్నది? ఈ ప్రశ్నలకు శస్త్రవైద్యుడు చాలకాలము తన వ్రేలిని మాత్రమే నమ్ముకొన్నాడు. కత్తి పెట్టక మునుపే కంటితో చూచి జవాబు చెప్పే ఉపాయములు నేడు ఉన్నవి. అవి ఎట్లు పనిచేస్తాయో, ఎక్కడ పనిచేయవో తెలిసికొందము.

మీ మెడను మీరే పరిశీలించండి

విద్యార్థులు ఈ పరిశీలనను తమ మెడ మీదనే చేయవచ్చును. గట్టిగా నొక్కరాదు. గడ్డము కొంచెము పైకెత్తి, చూపుడు వ్రేలిని మెడ నడిమిగీత మీద పైనుండి క్రిందికి నడపండి. మొదట తగిలే గట్టి ముడి థైరాయిడు మృదులాస్థి. గుటక వేస్తే అది పైకి లేచి మరల దిగుతుంది. పురుషులలో ఇది ముందుకు పొడుచుకొని ఉంటుంది. స్త్రీలలోను, పిల్లలలోను అంత స్పష్టముగా తగలదు. దాని క్రింద చిన్న పల్లము ఉన్నది. అక్కడ ఎముక లేదు, మృదులాస్థి లేదు. ఒక పలుచని పొర మాత్రమే ఉన్నది. దాని ఎత్తు సుమారు 1 సెంటీమీటరు. గొంతు పూర్తిగా మూసుకొనిపోయి, ప్రాణము నిమిషముల మీద ఉన్నప్పుడు వైద్యుడు కోసేది ఈ పొరనే.

పల్లము క్రింద మరల గట్టిగా తగిలేది క్రైకాయిడు మృదులాస్థి. ఇది సంపూర్ణమైన ఉంగరము. దీని అడుగున వాయునాళము మొదలగును. పెద్దవారిలో దాని పొడవు 10 నుండి 12 సెంటీమీటర్లు. దానిని తెరచి ఉంచేవి 16 నుండి 20 మృదులాస్థి ఉంగరములు. ఇవి పూర్తి ఉంగరములు కావు; వెనుకవైపు తెరచి ఉండే గుఱ్ఱపు నాడా వంటివి. ఆ తెరపి వెనుకనే అన్నవాహిక ఉన్నది. ట్రేకియాస్టమీ రంధ్రమును సాధారణముగా రెండవ, మూడవ ఉంగరముల వద్ద చేస్తారు.

ఇప్పుడు వ్రేలిని ఇంకను దింపితే, రెండు జత్రుకల నడుమ ఉరోస్థి పైన ఒక గుంట తగులుతుంది. క్రైకాయిడు నుండి ఈ గుంట వరకు ఎన్ని వ్రేళ్ళు పట్టునో కొలవండి. ఒకసారి గడ్డమును ఛాతీ వైపు వంచి, మరొకసారి తలను వెనుకకు వాల్చి కొలవండి. తల వాల్చినప్పుడు దూరము పెరుగుతుంది. ఛాతీలో దాగిన వాయునాళ భాగము కొంత పైకి, మెడలోనికి వచ్చినదన్నమాట. అందువలననే శస్త్రవైద్యుడు రోగి భుజముల క్రింద మెత్త పెట్టి తలను వెనుకకు వాలుస్తాడు. ఈ కొలతను గుర్తుంచుకోండి. దానితో మరల పని పడుతుంది.

పాత శస్త్రము, కొత్త చిక్కు

మెడను కోసి శ్వాసకు దారి చేయుట ప్రాచీనమైన విద్యయే ఐనా, 19వ శతాబ్దము వరకు దానికి సాహసించినవారు బహు కొద్దిమంది. కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, పిల్లల గొంతులలో తెల్లని పొర కట్టి ఊపిరి ఆపేది. 1825లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు బ్రెటన్నో అటువంటి ఒక బాలికను ఈ శస్త్రముతో బ్రతికించినాడు. ఆయన శిష్యుడు ట్రూసో దీనిని వందలమంది పిల్లలకు చేసినాడు. కంఠసర్పి పూర్వకథ కాదు. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని జనులు నేటికి కోరంటి అని పిలుస్తారు. అంటురోగులను వేరుగా ఉంచే క్వారంటైను అనే మాటయే జనుల నోట కోరంటి ఐనది. టీకా అందని పిల్లలు ఈ రోగముతో 21వ శతాబ్దములోను ఆ ఆసుపత్రిలో చేరినారు.

1909లో అమెరికా వైద్యుడు షెవాలియె జాక్సన్ ఈ శస్త్రమునకు ఒక క్రమపద్ధతిని ఏర్పరచినాడు. రంధ్రము మరీ పైన, క్రైకాయిడు వద్ద చేస్తే, మానిన తరువాత దారి ఇరుకైపోతుందని ఆయన తరువాత హెచ్చరించినాడు. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, శ్వాస స్తంభించిన మొదటి 31 మంది రోగులలో 27 మంది మూడు దినముల లోపల మరణించినారు. అప్పుడు ఇబ్సెన్ అనే వైద్యుడు మెడలో రంధ్రము చేసి, గొట్టము అమర్చి, రబ్బరు సంచితో గాలి నింపించినాడు. ఆ సంచులను రాత్రింబగళ్ళు చేతితో నొక్కినవారు వైద్య విద్యార్థులు. వారి సంఖ్య సుమారు 1500. నేటి తీవ్రచికిత్సా విభాగములు ఆ అనుభవము నుండి పుట్టినవే.

1985లో సియాగ్లియా అనే మరొక అమెరికా వైద్యుడు ఇంకొక పద్ధతిని ప్రకటించినాడు. మెడను విప్పి చూడనక్కరలేదు. సూదిని వాయునాళములోనికి గ్రుచ్చి, దానిగుండా సన్నని తీగను పంపి, ఆ తీగ వెంట రంధ్రమును క్రమముగా వెడల్పు చేస్తారు. రోగిని మంచము మీద నుండి కదపకుండానే చేయవచ్చును, గాయము చిన్నది. కాని ఇక్కడనే చిక్కు వచ్చినది. విప్పి కోసినప్పుడు అడ్డు వచ్చిన రక్తనాళమును వైద్యుడు కంటితో చూచి ప్రక్కకు తప్పించగలడు. సూదికి కన్నులు లేవు. గాయము చిన్నదైన కొలది ముందుచూపు అవసరము పెరిగినది.

వ్రేలికి అందనివి

పాఠ్యపుస్తకములోని బొమ్మలో మెడ ఒక్కటే. ఆసుపత్రికి వచ్చే మెడలు అనేకము.

వాయునాళపు రెండవ ఉంగరము నుండి నాల్గవ ఉంగరము వరకు థైరాయిడు గ్రంథి రెండు పాలులను కలిపే వంతెన అడ్డుగా ఉంటుంది. గ్రంథి వాచినవారిలో ఇది మందమై, వాయునాళమును ఒక ప్రక్కకు నెట్టవచ్చును. అప్పుడు చర్మము మీది నడిమిగీత వేరు, లోపలి నాళపు నడిమిగీత వేరు. నడుమకు ఇరుప్రక్కల నిలువుగా దిగే సిరలు కొందరిలో నడుమనే ఒక పెద్ద సిరగా ఉంటాయి. కొద్దిమందిలో థైరాయిడు గ్రంథికి క్రింది నుండి సరిగా నడుమగా ఒక అదనపు ధమని ఎక్కి వస్తుంది.

వీటన్నింటికంటె భయంకరమైనది మహాధమని నుండి చీలి, వాయునాళమునకు అడ్డముగా ముందు నుండి కుడిప్రక్కకు పోయే పెద్ద ధమని. పూర్వపు శరీరశాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరునకు పేరు లేనిది అని అర్థము. ఇది సాధారణముగా ఉరోస్థి వెనుక దాగి ఉంటుంది. కాని కొందరిలో గుంటకు పైగా, మెడలోనికి ఎక్కి ఉంటుంది. పిల్లలలో ఇది మరింత సామాన్యము. రంధ్రము మరీ క్రిందుగా చేస్తే, గొట్టము ఆనిన చోట ధమని గోడ ఒరసికొని కొన్ని వారములలో చిల్లు పడవచ్చును. ఈ ఉపద్రవము నూటికి ఒకరి కంటె తక్కువమందిలోనే కలుగుతుంది. కాని కలిగినప్పుడు వెంటనే శస్త్రము చేయనిదే బ్రతుకు దుర్లభము.

లావైన మెడలలో మరొక చిక్కు. చర్మము నుండి వాయునాళము ఎంత లోతున ఉన్నదో వ్రేలు చెప్పలేదు. గొట్టము పొట్టిదైతే, రోగిని ప్రక్కకు తిప్పినప్పుడు కొస జారి కండలో ఇరుక్కొంటుంది. గాలి ఊపిరితిత్తులలోనికి పోక చర్మము క్రింద చేరుతుంది.

ధ్వనితో చూచుట

మన చెవి సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినలేదు. అంతకు మించినవి అతిధ్వనులు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కితే విద్యుత్తు పుట్టునని కనుగొన్నారు. దీనికి తలక్రిందులుగా, విద్యుత్తు ఇస్తే అవి కంపించును. ఈ గుణమే అతిధ్వని పరికరమునకు ఆధారము. ఒకే పరికరము ధ్వనిని పంపుతుంది, ప్రతిధ్వనిని వింటుంది. 1958లో స్కాట్లండు వైద్యుడు ఇయాన్ డోనాల్డు దీనితో రోగుల ఉదరమును పరీక్షించిన ఫలితములను ప్రకటించినాడు.

మన శరీరపు మెత్తని భాగములలో ధ్వని వేగము సెకనుకు సుమారు 1540 మీటర్లు. మెడ మీద ఉంచిన పరికరము నుండి వెడలిన ధ్వని సెకనులో పది లక్షల వంతులు 20 గడిచిన తరువాత తిరిగి వచ్చినదనుకొందము. పోక, రాక కలిసి అది నడచిన దూరము 3.08 సెంటీమీటర్లు. దానిలో సగము 1.54 సెంటీమీటర్లు. అనగా ప్రతిధ్వనిని ఇచ్చిన పొర అంత లోతున ఉన్నది. యంత్రము ఇటువంటి లెక్కలను క్షణములో వేలకొలదిగా వేసి బొమ్మ కట్టుతుంది. గొట్టము ఎంత పొడవుండవలెనో ఈ లెక్కయే చెప్పుతుంది.

మెడ పరీక్షకు సెకనుకు సుమారు ఒక కోటి కంపనముల ధ్వనిని వాడుతారు. దాని తరంగదైర్ఘ్యము 0.154 మిల్లీమీటరు మాత్రమే. తరంగము చిన్నదైన కొలది బొమ్మలో వివరము హెచ్చు. కాని అది లోతునకు పోలేదు. ఉదరము వంటి లోతైన చోట్లకు తక్కువ పౌనఃపున్యము కావలెను. మెడలో చూడవలసినవన్నీ పైపైననే ఉన్నవి గనుక హెచ్చు పౌనఃపున్యము చక్కగా సరిపోతుంది.

పరికరమును నడిమిగీత వెంట నిలువుగా ఉంచితే, వాయునాళపు ఉంగరములు వరుసగా నల్లని చుక్కలవలె, వాటి అడుగున గాలి అంచు తెల్లని గీతవలె కనబడుతుంది. చూచుటకు దారమునకు గ్రుచ్చిన నల్లపూసల వరుస వలె ఉంటుంది. పై నుండి లెక్కించి రెండవ పూస ఏదో, మూడవ పూస ఏదో నిశ్చయింపవచ్చును. వ్రేలితో ఈ లెక్క లావు మెడలలో అసాధ్యము.

కదిలే రక్తము నుండి తిరిగి వచ్చే ధ్వని పౌనఃపున్యము కొంచెము మారుతుంది. ఇది 1842లో డాప్లరు వివరించిన సూత్రము. రైలు దగ్గరకు వచ్చేటప్పుడు, దూరమైపోయేటప్పుడు దాని కూత మారినట్లే ఇదియును. ఈ మార్పును యంత్రము రంగులలో చూపుతుంది. ఎఱుపు ధమని, నీలము సిర అని అనుకొనరాదు. రంగులు రక్తము పరికరము వైపు వస్తున్నదా, దూరముగా పోతున్నదా అన్నది మాత్రమే తెలుపుతాయి. ధమనికి నాడి కొట్టుకొనుట, సిర మెల్లగా నొక్కితే అణగుట గుర్తులు.

ధ్వనికి ఒక శత్రువు ఉన్నది, అది గాలి. మెత్తని భాగమునకు, గాలికి నడుమ ఉన్న హద్దు వద్ద దాదాపు ధ్వని అంతయు వెనుకకు మరలుతుంది. కనుక వాయునాళపు ముందుగోడ స్పష్టముగా కనబడును గాని, లోపలి భాగము, వెనుక గోడ కనబడవు.

ఎక్స్-కిరణములతో చూచుట

ధ్వని చూపలేనిదానిని సి.టి. స్కాను చూపుతుంది. రాంట్‌జన్ 1895లో ఎక్స్-కిరణములను కనుగొన్నాడు. కాని మామూలు ఎక్స్-రే బొమ్మలో ముందున్నవి, వెనుకనున్నవి ఒకదానిపై ఒకటి పడి కలిసిపోతాయి. హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రము శరీరము చుట్టు తిరుగుతూ అనేక కోణముల నుండి కిరణములను పంపి, గణితముతో అడ్డుకోత బొమ్మను కట్టుతుంది. 1971లో లండనులో మొదటి రోగిని దానితో పరీక్షించినారు; 1979లో ఆయనకు, కార్మాకునకు నోబెల్ బహుమానము వచ్చినది.

ఈ బొమ్మలలో నీటి విలువ సున్న. గాలి విలువ −1000. అందువలన వాయునాళము కారు నలుపుగా విడివడి కనబడుతుంది. దాని వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి తగిన గొట్టమును ఎన్నుకొనవచ్చును. కణితి ఎంతవరకు పాకినదో, పాత గొట్టము వలన దారి ఎక్కడ ఇరుకైనదో, పేరు లేని ఆ ధమని ఎంత ఎత్తున ఉన్నదో తెలిసికొనవచ్చును. దీనికి వెల ఉన్నది. ఒక మెడ స్కానులో అందే కిరణముల మోతాదు సుమారు 3 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుండి మనిషికి ఒక సంవత్సరములో సగటున అందేది 2.4. కనుక అవసరము ఉన్నప్పుడే తీయవలెను. పైగా యంత్రము మీద శ్వాసించే రోగిని స్కాను గదికి తరలించుటయే ఒక గండము. గొంతు మూసుకొనిపోతున్న రోగి వెల్లకిల పడుకొనలేడు కూడ.

బొమ్మ ఒకటి, శస్త్రవేళ మెడ ఒకటి

ముందు చేసిన కొలత ఇప్పుడు పనికి వస్తుంది. సి.టి. స్కాను తీసేటప్పుడు సాధారణముగా తల నిటారుగా ఉంటుంది. శస్త్రవేళ తలను వెనుకకు వాలుస్తారు. అప్పుడు వాయునాళముతోపాటు పెద్ద ధమని కూడ పైకి జరగవచ్చును. స్కానులో ఉరోస్థి చాటున క్షేమముగా కనబడినది, కత్తి వేళకు గుంటలో కొట్టుకొంటూ ఉండవచ్చును. అందువలన రోగిని శస్త్రమునకు సిద్ధపరచిన భంగిమలోనే, మంచము ప్రక్కనే, అతిధ్వనితో మరొకసారి చూచుట వివేకము. ఏ మెడను కోయబోతున్నామో ఆ మెడనే, ఏ భంగిమలో కోయబోతున్నామో ఆ భంగిమలోనే చూడవలెను. ఈ విద్యలోని సారము ఇదే.

ఇట్లు చూచుట వలన నిజముగా మేలు కలుగునా? 2014లో ప్రకటించిన ఒక ఆస్ట్రేలియా పరిశీలనలో, సూది సరియైన చోట పడినది వ్రేలి ఆధారముతో నూటికి 50 సార్లు, అతిధ్వని ఆధారముతో నూటికి 87 సార్లు. 2016లో ప్రకటించిన, బ్రెజిలులో 118 మంది రోగుల మీద జరిగిన పరిశీలనలో, వాయునాళములోనికి దుర్భిణి గొట్టము దింపి చూచే పద్ధతికి అతిధ్వని పద్ధతి తీసిపోదని తేలినది. దుర్భిణి గొట్టము ఖరీదైనది. అతిధ్వని యంత్రము ఇతర పనులకు ఎట్లును కావలసినదే.

ఐతే ప్రాణము నిమిషముల మీద ఉన్నప్పుడు బొమ్మ కోసము ఆగరాదు. 2011లో బ్రిటనులో వెలువడిన జాతీయ సమీక్షలో, అత్యవసరముగా మెడలోనికి సూదిగొట్టము గ్రుచ్చిన ప్రయత్నములలో నూటికి సుమారు 60 విఫలమైనట్లు కనబడినది. 2015 నాటి బ్రిటను మార్గసూత్రములు అటువంటివేళ కత్తితో నేరుగా పొరను కోయుటనే చెప్పినవి. చిక్కు రావచ్చునని ముందే అనుమానము ఉన్న రోగిలో, మత్తు ఇవ్వక మునుపే, తీరికగా అతిధ్వనితో ఆ పల్లమును గుర్తించి చర్మము మీద సిరాతో గీత పెట్టుకొనుట మంచిది. ప్రమాదము రాకపోతే ఆ గీతను తుడిచివేయవచ్చును. వస్తే వెదకవలసిన పని లేదు.

మన జిల్లాలలో

ఖమ్మములో మమత వైద్య కళాశాల 1998 నుండి ఉన్నది. ప్రభుత్వ వైద్య కళాశాలలు కొత్తగూడెములో 2022లో, ఖమ్మములో 2023లో ప్రారంభమైనవి. హైదరాబాదు ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. యంత్రము మీద శ్వాసించే రోగిని అంత దూరము పంపుట కంటె, రోగి ఉన్నచోటనే ఈ పని క్షేమముగా జరుగుట మేలు. దానికి కావలసినవి చేతిలో మోసికొనిపోగల అతిధ్వని యంత్రము, దానిని చదువ నేర్చిన వైద్యుడు.

ఇందులో ఒక నియమమును మరువరాదు. గర్భములోని శిశువు ఆడో మగో తెలిసికొని ఆడపిల్లలను చంపే దురాచారమును ఆపుటకు 1994లో చేసిన చట్టము ప్రకారము అతిధ్వని యంత్రములను రిజిస్టరు చేయించవలెను. 2012లో చేసిన నియమములు చిన్న యంత్రముల వాడకమును మరింత కట్టుదిట్టము చేసినవి. మెడను చూచుటకు తెచ్చిన యంత్రమునకును ఇది తప్పదు. కొంత శ్రమ ఉన్నమాట నిజమే. కాని ఆ చట్టము కాపాడేదియు ప్రాణమునే. కనుక ఆసుపత్రులు కాగితముల పనిని ముందుగా పూర్తిచేసికొని, యంత్రమును రోగి మంచము వద్దకు తేవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయించవచ్చును. నలుగురైదుగురు విద్యార్థులు క్రైకాయిడు క్రింది అంచు నుండి ఉరోస్థి గుంట వరకు ఉన్న దూరమును తమ మెడల మీద తల నిటారుగా ఉంచి, పిదప వెనుకకు వాల్చి కొలిచి, నల్లబల్ల మీద పట్టికగా వ్రాయవలెను. ఏ రెండు మెడలు సమానము కావని, ఒకే మెడ కూడ భంగిమతో మారునని ఆ పట్టికయే చూపుతుంది. ఆ తరువాత ప్రతిధ్వని లెక్కను వేర్వేరు కాలములతో వేయించండి. భౌతికశాస్త్రపు పుటలోని ఆ చిన్న సూత్రము, ఖమ్మము ఆసుపత్రిలో మంచము మీద ఉన్న మిరపచేని రైతు మెడలో సూది ఎంత లోతునకు పోవలెనో చెప్పేదని విద్యార్థులకు అప్పుడు తెలుస్తుంది.